చెరువుకు దారి ఇద్దాము

ఆదివారపు ఆరాధనలో ప్రార్థన విన్నపాల చీటీలు చదవడం మా సంఘాలలో చాలా కాలంగా ఉన్న అలవాటు. పిల్లల పరీక్షలు, ఆడపిల్ల పెండ్లి, తగ్గని జ్వరము, తీరని అప్పు - ఇవి ఎప్పుడూ ఉండేవే. అయితే ఇబ్రహీంపట్నం చుట్టుప్రక్కల గ్రామాలలో పరిచర్య చేస్తున్న ఈ సంవత్సరాలలో మేము ఒక సంగతి గమనించాము. మార్చి నెల వచ్చిందంటే ఒకే విన్నపం అనేక చీటీలలో కనబడుతుంది. "మంగళవారం బోరు వేయిస్తున్నాము. నీళ్లు పడునట్లు ప్రార్థించండి."

మేము ప్రార్థించాము. కొందరికి నీళ్లు పడ్డాయి, చాలామందికి పడలేదు. తెల్లవార్లూ మోత పెట్టిన బోరు బండి చివరకు తెల్లని రాతి పిండిని మాత్రమే కక్కి వెళ్లిపోయిన తర్వాత, ఆ చేనిగట్టు మీద కూర్చున్న భార్యాభర్తల దగ్గరకు వెళ్లి ఏమి మాట్లాడాలో మాకు తెలిసేది కాదు. పాడిగేదె అమ్మిన డబ్బు, చిట్టీ ఎత్తిన డబ్బు, వడ్డీకి తెచ్చిన డబ్బు ఆ గుంతలోనికే పోయింది. మరుసటి నెల అదే ఇంటి నుండి ఇంకొక చీటీ వచ్చేది. అందులో నీళ్ల మాట ఉండదు, అప్పు మాట ఉంటుంది.

ఇట్లు కొన్ని ఏండ్లు గడిచాక మాలో ఒక ప్రశ్న పుట్టింది. భూమి క్రింది నీళ్ల కోసం ఇంత ఆరాటపడుచున్నాము. ఆ క్రింది నీళ్లు పై నుండి వచ్చినవే కదా! పైన పడిన వాన ఎటు పోతున్నదో మనలో ఎవరమైనా ఎప్పుడైనా నడిచి చూచామా?

ప్రియ పాఠకులారా, ఈ నెల ఆ సంగతే మీతో మాట్లాడాలని కోరుచున్నాము.

పెద్ద చెరువు

ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు మా ప్రాంతానికి తల్లి వంటిది. హైదరాబాదు నుండి నాగార్జునసాగర్ పోయే దారిలో ప్రయాణం చేసిన వారందరూ దీనిని చూచే ఉంటారు. 1550 నుండి 1580 వరకు గోల్కొండను ఏలిన ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో ఈ చెరువు కట్టారు. మన ఊరికి కూడా ఆయన పేరే వచ్చింది. హుస్సేన్ సాగర్ కూడా ఆయన పాలనలో వెలసినదే. తరువాత నిజాముల కాలంలో, ఈసీ నది నీటిని షాబాదు మండలం చందనవెల్లి దగ్గర మళ్లించి, దారిలోని చెరువులను నింపుకుంటూ పెద్ద చెరువు దాకా వచ్చేటట్లు ఫిరంగి నాలా త్రవ్వించారు. యంత్రాలు లేని ఆ రోజులలో నీరు తన బరువుతో తాను నడిచి వచ్చేలా వాలు చూచి త్రవ్విన ఆ కాలువ ఇప్పుడు చాలాచోట్ల పూడిపోయింది. కొన్నిచోట్ల దాని మీదనే కట్టడాలు లేచాయి.

2022 వానాకాలంలో పెద్ద చెరువు నిండి, దశాబ్దాల తర్వాత అలుగు పారింది. జనం పిల్లాపాపలతో వచ్చి చూచారు. మా యౌవనస్థులలో చాలామందికి ఆ చెరువు అలుగు చూడడం అదే మొదటిసారి. మేమూ వెళ్లాము, సంతోషించాము. అయితే ఇంటికి వచ్చే దారిలో ఒక పెద్దాయన అన్న మాట మా మనస్సులో నిలిచిపోయింది: "గిది చెరువు బాగుపడి నిండలే అయ్యగారూ. వాన ఎక్కువై నిండింది."

ఆ మాట నిజము. 2020 మొదలు మూడేండ్లు వానలు విస్తారంగా కురిశాయి. సామాన్యమైన వాన పడిన ఏట నీళ్లు చెరువు దాకా రావడానికి దారి ఉన్నదా లేదా అన్నదే అసలు ప్రశ్న.

ఇంటి కప్పు - గంగాళము

చెరువులోనికి నీరు ఏ భూమి మీద నుండి పారి వస్తుందో ఆ భూమినంతటినీ పరీవాహక ప్రాంతము అంటారు. ఈ మాట పెద్దదిగా కనబడవచ్చు గాని సంగతి మన అక్కచెల్లెండ్రు అందరూ ఎరిగినదే. పెంకుటింటి చూరు క్రింద గంగాళం పెట్టి వాన నీళ్లు పట్టిన ఇల్లాలికి ఇది వేరుగా చెప్పనక్కర లేదు. గంగాళము చెరువైతే, ఇంటి కప్పు పరీవాహక ప్రాంతము. పెంకులు పగిలితే, చూరు విరిగితే, గంగాళాన్ని ఎంత తోమి పెట్టినా నిండదు.

మన ప్రాంతంలో ఈ కప్పు చిన్న చిన్న మెట్లుగా ఉంటుంది. గుట్ట మీద పడిన వాన ఒర్రెలుగా దిగుతుంది. ఒర్రె కుంటలో పడుతుంది. కుంట నిండి మత్తడి దుంకితే క్రింది చెరువుకు పోతుంది. ఆ చెరువు నిండితే దాని క్రింది చెరువుకు. ఇట్లు గొలుసులోని లంకెల వలె ఒకదానికొకటి కలిసి, చివరకు మూసీలోనికి, మూసీ నుండి వాడపల్లి దగ్గర కృష్ణలోనికి నీరు చేరుతుంది. గొలుసులో ఒక్క లంకె తెగితే క్రింది ఊరు ఎండుతుంది. వాన మరీ ఎక్కువైతే, దారి తప్పిన ఆ నీరే ఇండ్లలోనికి వస్తుంది.

2015 మార్చి 12న మొదలైన మిషన్ కాకతీయలో రాష్ట్రమంతటా వేల చెరువుల పూడిక తీశారు. ఆ ఒండ్రు మట్టి పొలాలకు బలమైంది. అది మంచి పనే. అయితే గంగాళాన్ని తోమడం ఒక పని, కప్పు బాగుచేయడం ఇంకొక పని. గుట్టల మీద చెట్లు పోయి, మొరం త్రవ్వి, క్వారీలు వచ్చి, ఒర్రెల మీద వెంచర్లు లేచి, తూములు లేని రోడ్లు అడ్డముగా పడిన చోట, తీసిన పూడిక కొద్ది ఏండ్లలోనే మళ్లీ వచ్చి చేరుతుంది.

బండ క్రింద ఎంత నీరున్నది?

మా ప్రక్కనే ఉన్న మహేశ్వరంలో హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ వారు, ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞులతో కలిసి చాలా సంవత్సరాలు భూగర్భ జలాలను పరిశోధించారు. 53 చదరపు కిలోమీటర్ల ఆ పరీవాహకంలో 700కు పైగా బోర్లు నడుస్తున్నట్లు వారు లెక్కించారు. మన నేల సంగతి వారు తేల్చినది ఇది: పైన పది, ఇరవై మీటర్ల దాకా మెత్తబడిన మొరం పొర. దాని క్రింద సుమారు 35, 40 మీటర్ల లోతు వరకు పగుళ్లున్న రాయి. ఆ క్రింద గట్టి బండ. నీరు నిలిచేది పై రెండు పొరలలోనే. అంటే సుమారు 130 అడుగులు దాటిన తర్వాత, ఎక్కడో లోతైన చీలిక తగిలితే తప్ప, దొరికేది చాలా తక్కువ.

ఐదు వందల అడుగులు, ఏడు వందల అడుగులు దింపిన మన సహోదరుల కష్టం ఎందుకు వృథా అయినదో ఇందులో ఉన్నది. క్రింద సముద్రమేమీ లేదు. పైనుండి ఏటా ఇంకే నీరే మన నిల్వ.

ఆ నిల్వ ఎంతో ఒక లెక్క వేసి చూద్దాము. ఒక ఎకరం మీద ఒక సెంటీమీటరు వాన పడితే సుమారు 40 వేల లీటర్లు. అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు ఎనిమిది! ఏడాదికి 75 సెంటీమీటర్ల వాన పడితే ఎకరానికి 30 లక్షల లీటర్లు. ఎవరూ డబ్బు అడుగకుండా ఆకాశము నుండి వచ్చేది ఇది. అయితే మన రాతి నేలలో భూమి లోనికి ఇంకేది సుమారు పదవ వంతే. అనగా ఎకరానికి 3 లక్షల లీటర్లు.

ఒక ఎకరం వరికి నాట్ల నుండి కోత వరకు 120 సెంటీమీటర్ల నీరు, అనగా 48 లక్షల లీటర్లు కావాలి. అంటే యాసంగిలో బోరు క్రింద ఒక ఎకరం వరి వేస్తే 16 ఎకరాల ఊట తోడినట్టు. మడిలో నుండి సగం నీరు తిరిగి ఇంకిందనుకున్నా ఎనిమిది ఎకరాల ఊట. ఆ మిగిలిన ఎకరాలు ఎవరివి? మన పొరుగువారివి. వేరుశనగ వంటి ఆరుతడి పంటలకు వరి త్రాగే నీటిలో సగము కంటే తక్కువే చాలు.

ఈ లెక్క మేము ఒక కుటుంబ ప్రార్థన కూడికలో చాక్‌పీసుతో నేల మీద వేసి చూపినప్పుడు కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. తరువాత ఒక చెల్లెలు, "అయ్యగారూ, మరి మేము నీళ్ల దొంగలమా?" అని అడిగింది. కాదమ్మా, తెలియక చేసినది దొంగతనం కాదు. కాని తెలిసిన తరువాత అందరము కలిసి కూర్చొని మాట్లాడుకోవాలి.

కొత్తపల్లి వారు ఏమి చేశారు?

అట్లు కలిసి కూర్చున్న ఒక ఊరు మన జిల్లాలోనే ఉన్నది. శంకర్‌పల్లి మండలంలోని కొత్తపల్లి. 1999కి ముందు ఆ ఊరిలో వాన నీటిని ఆపే కట్టడం లేదు. నల్లరేగడి నేల. వానకాలంలో ఒర్రెలు పొంగి మట్టిని కోసుకొనిపోయేవి. వేసవికి బావులు ఎండేవి.

1994లో ప్రొఫెసర్ సి.హెచ్. హనుమంతరావు గారి అధ్యక్షతన పనిచేసిన సంఘం వాటర్‌షెడ్ పనులకు కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది. సుమారు 500 హెక్టార్లను ఒక భాగంగా తీసుకోవాలి. పనులు ఆఫీసుల నుండి కాక ఊరి వారి కమిటీ చేతుల మీదుగా జరగాలి. కమిటీలో స్త్రీలు, దళితులు, గిరిజనులు ఉండాలి. ఇదీ వాటి సారాంశం. 1995 నుండి ఇవి అమలులోకి వచ్చాయి.

కొత్తపల్లిలో 1999లో ఈ పద్ధతిలోనే "ఆదర్శ వాటర్‌షెడ్" మొదలైంది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్, మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ క్రీడా, ఎం. వెంకటరంగయ్య ఫౌండేషన్, జిల్లా అధికారులు తోడు నిలిచారు. నిర్ణయాలు మాత్రం గ్రామసభలో జరిగాయి. ఒర్రెల మీద 14 నీటి నిల్వ కట్టడాలు వచ్చాయి. గుట్ట వాలులో చిన్న చిన్న రాతికట్టలు పేర్చారు. వాలుకు అడ్డముగా గట్లు వేసి, ఆ గట్ల మీద గిరిపుష్పం మొక్కలు నాటారు. వాటి ఆకే పొలానికి ఎరువైంది. ఎండిపోయిన 28 బావులలోనికి ఒర్రె నీటిని మళ్లించి ఇంకేలా చేశారు. స్త్రీల పొదుపు సంఘాలు వానపాముల ఎరువు తయారుచేసి అమ్మాయి. ప్రత్తికి బదులు చాలామంది మొక్కజొన్న, కంది కలిపి వేశారు. కొద్ది ఏండ్లలో బావులలో నీటి మట్టం పెరిగింది, దిగుబడులు రెట్టింపుకు పైగా పెరిగాయి. 2002లో గొప్ప కరువు వచ్చినప్పుడు ప్రక్క ఊళ్లలో సేద్యపు ఆదాయం కూలిపోయి జనం పనికి వలసపోగా, కొత్తపల్లిలో పంట ఆదాయం నిలబడిందని పరిశోధకులు వ్రాశారు.

లెక్క వ్రాసుకున్న రైతులు

రెండవ ఉదాహరణ మన పొరుగు జిల్లాల నుండి తీసుకుందాము. 1995లో నెదర్లాండ్స్ దేశపు సహాయంతో 'ఏపీవెల్' అనే పథకం వచ్చింది. చిన్న రైతులకు ఉమ్మడి బోర్లు వేయించడం దాని పని. బోర్లు వేశాక, ఈ బోర్లన్నీ ఎన్నాళ్లు నీళ్లిస్తాయి అన్న ప్రశ్న వచ్చింది. ఆ ప్రశ్నలో నుండి 2003లో ఇంకొక పథకం పుట్టింది. దానికి రైతులే నడుపుకొనే భూగర్భ జలాల పథకము అని అర్థం వచ్చే పేరు పెట్టారు. నంద్యాలకు చెందిన బర్డ్స్ సంస్థ మరికొన్ని స్వచ్ఛంద సంస్థలతో కలిసి దీనిని నడిపింది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడు నిలిచింది. అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్లగొండ - ఈ ఏడు కరువు జిల్లాలలో 638 గ్రామాలు ఇందులో చేరాయి.

ఈ పథకంలో ఎవరికీ సబ్సిడీ ఇవ్వలేదు. "నీవు ఈ పంట వేయకూడదు" అని ఎవరినీ ఆజ్ఞాపించలేదు. మరి ఏమి ఇచ్చారు? లెక్క నేర్పారు. రైతులు, అందులో స్త్రీలు కూడా, వర్షమాపకం చూచి ఎంత వాన పడిందో వ్రాసుకొన్నారు. పదిహేను రోజులకొకసారి బావులలో, బోర్లలో నీటి మట్టం కొలిచారు. ఆ అంకెలను ఊరి నడుమ గోడ మీద అందరికీ కనబడేలా వ్రాశారు. వానాకాలం ముగిసి యాసంగి విత్తనం వేయక ముందు అందరూ కూడి, "ఈ ఏడు భూమిలో ఇంత నీరు చేరింది. మనము వేయదలచిన పంటలకు ఇంత కావాలి. ఇంత తక్కువ పడుతుంది" అని బడ్జెట్ వేసుకొన్నారు. తరువాత ఎవరి నిర్ణయం వారిదే. లెక్క చూచిన తరువాత అనేకులు వరి తగ్గించి, ఆరుతడి పంటలకు మారారు. 2010లో ప్రపంచ బ్యాంకు భారతదేశపు భూగర్భ జలాలపై ప్రచురించిన నివేదికలో ఈ రైతుల పనిని ప్రత్యేకంగా ప్రస్తావించింది.

ఇందులో మేము మెచ్చుకొన్నది ఇంకొకటున్నది. కమిటీలను పంచాయతీ హద్దులను బట్టి కాక, వాగు హద్దులను బట్టి కూడా ఏర్పరచారు. ఒక వాగులోనికి నీరు పంపే ఊళ్లన్నీ ఒక కూటమి. నీరు సర్వే రాళ్లను చూచి పారదు కదా!

మా గోడ కథ

ఇతరుల సంగతులు వ్రాసి మా సంగతి దాచితే న్యాయం కాదు. కొన్ని సంవత్సరాల క్రితం మా గ్రామ సంఘాలలో ఒక దానిలో ప్రార్థనా మందిరం ప్రక్కన కొంత స్థలం కొన్నాము. సంఘస్థులు పిడికెడు బియ్యం దాచి, కూలి డబ్బులో కొంత పెట్టి కూడబెట్టిన సొమ్ము అది. స్థలం మధ్యలో ఒక పల్లం ఉండేది. వేసవిలో చూస్తే గడ్డి, ముళ్ల పొదలు తప్ప ఏమీ లేదు. పది ట్రాక్టర్ల మొరం పోయించి చదును చేశాము. చుట్టూ ప్రహరీ గోడ కట్టించి, ప్రార్థన చేసి, మిఠాయి పంచాము.

ఆ ఏడు మొదటి పెద్ద వాన రాత్రి పూట పడింది. తెల్లవారి చూస్తే గోడ ఒక ప్రక్క ఒరిగింది. మళ్లిన నీరు ప్రక్కనున్న చిన్న రైతు చేనిగట్టు తెంచి, మొలకెత్తిన పత్తిని తుడిచిపెట్టింది. ఆ రైతు మా సంఘస్థుడు కాడు. అయినా ఒక్క కఠినమైన మాట అనలేదు. ఆయన మౌనమే మాకు ఎక్కువ బాధ కలిగించింది.

ఆ ఊరిలో వెనుకటికి తూము నీళ్లు పంచిన నీరటి వంశపు వృద్ధుడు ఒకాయన ఉన్నాడు. ఆయన కర్ర పట్టుకొని వచ్చి గోడ చూచాడు.

"పెద్దయ్యా, ఇది ఒర్రె అని ముందే మాకు చెప్పకపోతివి" అన్నాము.

"మీరు అడగకపోతిరి అయ్యగారూ" అన్నాడు. తరువాత మెల్లగా, "నీళ్లకు గోడ తెల్వదు. గీడికెళ్లి తొవ్వ ఇయ్యకుంటే గాడికెళ్లి పోతది. కిందున్న కుంట ఈ ఒర్రెతోనే నిండుతది" అన్నాడు.

సంఘ పెద్దలతో కూర్చున్నాము. మాటలు సులువుగా సాగలేదు. "మన డబ్బుతో కొన్న స్థలం, మన పేరున రిజిస్ట్రేషన్ అయినది" అని కొందరు అన్నారు. అదీ నిజమే. చివరకు స్త్రీల సమాజములోని ఒక పెద్దమ్మ లేచి, "బిందెడు నీళ్ల కోసం ఆ కుంట కాడికి పోయేది మేమే" అన్నది. దానితో మాట తెగింది. మొరం తీయించి, ఒర్రెకు పాత దారి విడిచి, గోడ క్రింద రెండు వెడల్పైన తూములు పెట్టించాము. రైతుకు విత్తనం ఖర్చు ఇచ్చుకొన్నాము. మందిరం స్థలంలో కొంత భాగం ఇప్పుడు నీళ్ల దారి. వాన పడినప్పుడు అందులో నీరు గలగల పారుతుంటే సండే స్కూలు పిల్లలు కాగితపు పడవలు విడుస్తారు.

ఇస్సాకు చరిత్ర మనకు తెలిసినదే. తండ్రి త్రవ్వించిన బావులను ఫిలిష్తీయులు మన్నుపోసి పూడ్చివేయగా ఆయన తిరిగి త్రవ్వించాడు. ఎన్నోసార్లు దాని మీద ప్రసంగించాము. పూడ్చిన వారి వైపు మేమే నిలబడతామని ఎన్నడూ అనుకోలేదు.

కమిటీలు ఎక్కడ తడబడతాయి?

మంచి మాటలు మాత్రమే చెప్పి ముగిస్తే పాఠకులను మోసగించినట్లవుతుంది. మూలపడిన వాటర్‌షెడ్ కమిటీలు మన జిల్లాలోనే ఎన్నో ఉన్నాయి. నిధులు ఉన్నన్నాళ్లు బోర్డు ఉంటుంది, నిధులు అయిపోగానే చెక్‌డ్యాంలో పూడిక నిండుతుంది. కొన్నిచోట్ల స్త్రీల పేర్లు కాగితం మీద మాత్రమే ఉంటాయి, సంతకాలు ఇంటికి వచ్చి పెట్టించుకొనిపోతారు. ఊట పెరిగితే మేలు పొందేది పల్లపు భూమి గలవాడు. గుట్ట మీద మేకలు మేపుకొనే వారికి "ఇక ఇక్కడ మేపవద్దు" అన్న మాటే మిగులుతుంది. భూమి లేని మన కుటుంబాలు అనేకం ఈ రెండవ వరుసలో ఉన్నవే. వారికి కూలి పని, గడ్డి, చేపల హక్కు వంటి వాటా ముందే మాట్లాడకపోతే ఆ కమిటీ ఎక్కువ కాలం నిలువదు.

ఇంకొక చిక్కు కూడా ఉన్నది. పై ఊరివారు ప్రతి ఒర్రెకూ అడ్డుకట్ట వేసుకొంటే క్రింది చెరువుకు ఏమి మిగులుతుంది? కొత్తపల్లి ఉన్నది ఉస్మాన్‌సాగర్‌కు నీరు వచ్చే ప్రాంతంలోనే. పైన నీటిని ఆపుకోవడం వలన, బోర్లు విస్తారంగా తోడడం వలన, క్రింది జలాశయాలకు వచ్చే నీరు తగ్గుతుందని శాస్త్రజ్ఞులు గుర్తుచేస్తున్నారు. కాబట్టి ఒక ఊరి కమిటీ మంచిదే గాని చాలదు. రాజస్థాన్‌లోని అల్వార్ జిల్లాలో అర్వరీ నది ఒడ్డున 70 గ్రామాలు కలిసి 1999లో తమ నదికి ఒక 'సంసద్'ను, అంటే పార్లమెంటును ఏర్పరచుకొన్నాయి. తరుణ్ భారత్ సంఘ్ తోడ్పాటుతో ఆ ప్రజలు కట్టుకొన్న మట్టి కట్టల వలన ఎండిన నది మరల పారింది. నది పారిన తరువాత దాని నీళ్లు ఎవరివి అన్న తగవు రాకుండా ఆ సభ పెట్టుకొన్నారు. ఆస్ట్రేలియాలో కూడా 1986లో విక్టోరియా రాష్ట్రంలో మొదలైన ల్యాండ్‌కేర్ సంఘాలు ఇట్లే పొరుగు రైతులందరూ కలిసి ఒక వాగును చూచుకొనే పద్ధతిలో దేశమంతటా వ్యాపించాయి.

ఈ ఏడాది మన ఊరిలో

పెద్ద నిధులు వచ్చేదాకా ఆగనక్కర లేదు. మా సంఘాలలోను, తోటి గ్రామస్థులతోను మేము మొదలుపెట్టిన, మీరును చేయదగిన పనులు కొన్ని వ్రాస్తున్నాము.

వేసవిలో, ఏప్రిల్, మే నెలలలో ఒక ఉదయం ఊరి పెద్దలను, పశువుల కాపరులను, నీరటి వంశపు వారిని వెంటబెట్టుకొని కుంట నుండి గుట్ట దాకా ఒర్రె వెంబడి నడవండి. ఎక్కడ పూడింది, ఎక్కడ చెత్త వేస్తున్నారు, ఎక్కడ రోడ్డు అడ్డు పడింది - ఒక నోటు పుస్తకంలో వ్రాయండి. పిల్లలను తీసుకొని వెళ్లండి. ఆ దారి వారికి తెలియకపోతే ముప్పై ఏండ్ల తర్వాత ఎవరికీ తెలియదు.

వానలకు ముందు తూముల నోళ్లు శుభ్రం చేయండి. గుట్ట వాలులో దొరికిన రాళ్లనే ఒర్రె పై భాగంలో మోకాలెత్తు కట్టలుగా పేర్చండి. పై నుండి క్రిందికి రండి. క్రింద పెద్ద కట్ట కట్టి పైన విడిచిపెడితే ఒక్క వానకు మట్టి నిండుతుంది. పంచాయతీ అనుమతి లేకుండా పెద్ద కట్ట ఏదీ వేయవద్దు.

జూన్ నుండి పాఠశాలలోనో, మందిరం దగ్గరో ఒక వర్షమాపకం పెట్టి, రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు చూచి వ్రాయండి. ఒక సీసా, ఒక స్కేలుతో మా పిల్లలు చేసినది కూడా సుమారు లెక్కకు పనికివచ్చింది. నెలకు రెండుసార్లు రెండు మూడు పాత బావులలో త్రాడు విడిచి నీటి మట్టం కొలవండి.

అక్టోబరులో కోతపండుగకు ముందో తరువాతో ఊరి వారందరినీ పిలిచి ఆ అంకెలు చదివి వినిపించండి. మతము, కులము, పార్టీ అని చూడక అందరినీ పిలవండి; ఒర్రెకు ఇవేమీ తెలియవు. ఈ యాసంగికి ఎన్ని ఎకరాల వరికి నీరున్నదో ఆ సభలోనే మాట్లాడుకోండి.

కొత్త బోరు వేయదలచినవారు 2002 వాల్టా చట్టం ప్రకారం అనుమతి తీసుకోవాలి. అది ఒక చిక్కుగా తోచవచ్చు. కాని ప్రక్క బోరుకు ఎంత దూరం, నేలలో ఎంత నీరు అన్న ప్రశ్న అప్పు చేయక ముందే అడిగించేది అదే.

స్థలం కొనే ప్రతి ఒక్కరికీ, సంఘాలకు, పాఠశాలలకు, ఇల్లు కట్టుకొనే కుటుంబాలకు, మా మనవి ఒక్కటే. కాగితాలు చూచినట్లే పల్లము కూడా చూడండి. ఆ ఊరి వృద్ధుడిని ఒకరిని పిలిచి, "పెద్దయ్యా, వానొస్తే ఇక్కడ నీళ్లు ఎటు పోతాయి?" అని అడగండి. మేము అడగలేదు. అడిగి ఉంటే ఒక గోడ, ఒక రైతు పంట, ఒక కుంట దక్కేవి.

మార్చి మళ్లీ వస్తుంది, చీటీలూ వస్తాయి. ప్రతి చీటీ చదువుతాము, ప్రతి ఇంటి కోసం ప్రార్థిస్తాము. అందులో మార్పు లేదు. అయితే గత సంవత్సరం నుండి బోరు విన్నపం తెచ్చిన వారితో ఆరాధన తరువాత ఒక మాట అడుగుతున్నాము: "మీ చేనికి పైన ఉన్న ఒర్రె ఎటు పోతున్నదో తెలుసునా?" చాలామంది తెలియదంటారు. "అయితే రేపు ఉదయం కలిసి నడిచి చూద్దాము రండి" అంటాము.

గత వేసవిలో అట్లు నడిచిన వారిలో ఇద్దరు బోరు ఆలోచన ఆ ఏటికి మానుకొన్నారు. ఒకరు పాత బావిలోనికి ఒర్రె నీటిని మళ్లించుకొన్నారు. ఆ బావిలో ఈ వేసవికి ఎంత నీరుంటుందో త్రాడు విడిచి కొలిచి చూస్తాము.